ఎనిమిదేళ్ళ నీలిమ

హైదరాబాద్,
12 జూన్ 2024

అక్కా,

నువ్వూ బావా ఎలా ఉన్నారు? ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. నీలిమ పోయిన దగ్గర్నుంచి మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకున్నదేముంది? నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నాను" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊరుకుంటాం. కాగితం మీదయితే నాకు కాస్త మాట వస్తుంది. బడిలో ఇంతమంది పిల్లల రాత దిద్దావు, ఇందులో తప్పులుంటే ఇవీ దిద్దుకో.

"పదకొండో గ్రహం" సంగతి నీ దాకా వచ్చే ఉంటుంది. నాలుగేళ్ళు దాని మీద కూర్చున్నాను. రెండో రోజుకే హాళ్ళు ఖాళీ. తెలుగువాళ్ళకి ఆకాశం చూపించిన దర్శకుడని ఒకప్పుడు నా మీద పేజీలు నింపిన పత్రికే ఈసారి "నేల విడిచిన సాయిశంకర్" అని శీర్షిక పెట్టింది. ఆఫీసులో ఫోన్లు మోగడం తగ్గింది. మోకాలి నొప్పి మాత్రం తగ్గలేదు.

నిన్న ఉదయ్‌కుమార్ వచ్చాడు. మన మొదటి సినిమా "చుక్కల రేవు" తీసిన నిర్మాత కొడుకు. తండ్రి పోయాక కంపెనీ ఇతనే చూసుకుంటున్నాడు. "సార్, మీకు ఇప్పుడు ఇంకెవరూ సినిమా ఇవ్వరు. నేనిస్తాను. చుక్కల రేవు మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు. మొహం మీదే అన్నాడు. నిజమే కాబట్టి కోపం రాలేదు.

అక్కా, ఆ రోజులు నాకు బాగా గుర్తొస్తున్నాయి. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకి కెమెరా పెట్టుకుని కూర్చోవడం, నువ్వు బడికి సెలవు పెట్టి నీలిమకి జడలు వెయ్యడం. పై లోకం నుంచి దారి తప్పి వచ్చినవాణ్ణి పడవలో దాచి, ఇంట్లోంచి అన్నం పట్టుకెళ్ళి పెట్టే చుక్కమ్మ వేషం. ఎనిమిదేళ్ళ పిల్ల, కెమెరా ఉందన్న ధ్యాసే లేకుండా చేసింది. నన్ను దర్శకుణ్ణి చేసింది నా మేనకోడలే. తర్వాత నేనెంత పెద్ద రాకెట్లు ఎగరేసినా ఆ పడవలో అన్నం ముద్దకి సాటి రాలేదు.

నీలిమని మళ్ళీ తెర మీదికి తీసుకురావాలని ఉంది. ఈ కాలం పిల్లలు కూడా దాన్ని చూడాలి. నువ్వు సరేనంటేనే. వద్దంటే ఉదయ్‌కుమార్‌కి వెంటనే చెప్పేస్తాను.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
శంకరం


గోపాలపట్నం, విశాఖపట్నం,
3 జూలై 2024

తమ్ముడు శంకరానికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి చదివాను. తప్పులేమీ లేవు, సంతోషించు.

మోకాలికి నువ్వుల నూనె కాచి రాయించుకో. నీకు చెప్పేవాళ్ళు లేరని కాదు, చెప్పినా వినవని రాస్తున్నాను.

"పదకొండో గ్రహం" నేను చూశాను. నీకు చెప్పలేదంతే. తిట్టనులే. మనుషులందరూ గాల్లో తేలుతూ మాట్లాడుకుంటారు, ఒక్కరూ అన్నం తినరు, ఒక్కరికీ చెమట పట్టదు. నీ రెండో సినిమా "ఉక్కు చంద్రుడు" అలా ఉండేది కాదు. చంద్రుడి మీద కొలిమి పక్కన కార్మికులు చతికిలబడి టీ తాగుతుంటే మీ బావ హాల్లో లేచి నిలబడి, "ఇది మా ప్లాంటులో షాపేరా బాబూ" అని అరిచారు, వెనకవాళ్ళు కూర్చోమని గోల చేశారు. "రేపటి నిన్న"తో పెద్ద హీరో వచ్చాడు, నీకు పెద్ద పేరొచ్చింది. ఆ చప్పుడుకి నాకు తలనొప్పి వచ్చిందని అప్పుడే చెప్పాను, నువ్వు నవ్వావు.

మీ బావ బాగానే ఉన్నారు అని రాస్తే అబద్ధమవుతుంది. స్టీల్ ప్లాంటులో అన్నేళ్ళు క్రేన్ మీద కూర్చుని అందరికీ వినపడేలా అరుస్తూ మాట్లాడిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే కుర్చీ వరండాలో వేసుకుని హైవే వైపు చూస్తూ కూర్చుంటారు. లారీ వెళ్తే తల తిప్పేస్తారు. అన్నం రెండు ముద్దలు కలిపి వదిలేస్తారు. గడ్డం గీసుకోమని నేనూ చెప్పడం మానేశాను. రెండేళ్ళు కావస్తోంది, ఆ మనిషి నా ఎదుట ఏడవలేదు. నేనూ ఆయన ఎదుట ఏడవలేదు. ఒకరికోసం ఒకరం బిగబట్టుకుని కూర్చున్నాం.

నువ్వడిగింది చదివి వినిపించాను. "ఆడి సినిమా ఆడిష్టం కదేటి" అన్నారు. ఈమధ్య పాత సినిమాలన్నీ మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారు, ద్వారకా నగర్‌లో గోడలనిండా ఆ పోస్టర్లే. కుర్రాళ్ళు కాగితాలు చించి ఎగరేస్తున్నారట. ఎప్పుడో తీసింది, లోకమంతా చూసింది, దాన్ని మళ్ళీ వేస్తానంటే నేను వద్దనేదేముంది? నీ ఇష్టం తమ్ముడూ. నేను మాత్రం వచ్చి చూడలేను. అది ఒక్కటీ అడగకు.

ఇట్లు
నీ అక్క ధనలక్ష్మి


హైదరాబాద్,
9 సెప్టెంబర్ 2024

అక్కా,

ఇన్నాళ్ళు ఆలస్యమైనందుకు తిట్టుకో. నువ్వు "నీ ఇష్టం" అని రాసిన ఆ ఒక్క మాట పట్టుకుని పనిలో పడ్డాను. మళ్ళీ ముప్పై ఏళ్ళవాడినైనట్టుంది. పొద్దున్నే లేచి రాస్తున్నాను. మోకాలి మాట మరిచిపోయాను.

ఇక్కడ అనూరాధ అని ఒకావిడ ఉంది. కంప్యూటర్లతో బొమ్మలు చేసే స్టూడియో ఆవిడది. "చుక్కల రేవు" పాత నెగటివ్ అంతా, వాడకుండా పక్కన పడేసిన షాట్లతో సహా ఆవిడకిచ్చాను. అందులోంచి కంప్యూటర్ నీలిమ మొహాన్ని, గొంతుని నేర్చుకుంది. ఇప్పుడు మనం ఏ మాట రాసిస్తే ఆ మాట నీలిమ అంటుంది. పాత సినిమాలో ముక్కలు కాదు అక్కా, కొత్త మాటలు, కొత్త నవ్వు. పై లోకంవాణ్ణి పంపించేశాక చుక్కమ్మ ఏమైంది అన్నది కథ. ఆ పిల్లకి వయసు రాదు. రేవులో ఎదురుచూస్తూ అలాగే ఉంటుంది.

మొన్న మొదటిసారి చూపించారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఈ పనిలో ఆరితేరినవాళ్ళే. అయినా మళ్ళీ వెయ్యమని అడిగారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. పాతికేళ్ళుగా సినిమాల్లో జరగనివన్నీ జరిగినట్టు చూపిస్తూ వచ్చాను. ఇది నిజంగా జరిగింది.

బావ ఫోన్‌కి చిన్న ముక్క ఒకటి పంపాను. ఈ ఉత్తరం వచ్చేసరికి మీరు చూసే ఉంటారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి.

మీ
శంకరం


గోపాలపట్నం,
14 సెప్టెంబర్ 2024

శంకరానికి,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నువ్వు పంపింది అంతకు ముందే వచ్చింది. మేం పక్కపక్కన కూర్చుని చూడలేదు. ఎలా చూశామో రాస్తాను.

నేను వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. వరండాలోంచి "నాన్నా, అన్నం తిన్నావా?" అని వినిపించింది. నీలిమ గొంతు. చిన్నప్పటి గొంతు, పళ్ళూడిన సందులోంచి గాలి పోయే ఆ "న్నా". నేను లేవలేదు శంకరం. పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. అంతలో మళ్ళీ వినిపించింది, మళ్ళీ వినిపించింది. అప్పుడు మీ బావ పరుగెత్తుకుంటూ వచ్చారు, కాళ్ళకి చెప్పులు కూడా తియ్యకుండా.

"ఏటే! ఇది సూడు. పాప నన్ను పిలుత్తంది."

"ఇది ఏ సినిమాలోది?" అన్నాను.

"ఏ సినిమాలోదీ కాదే. కొత్తది. మీ తమ్ముడు సేయించేడు. సూడు, నన్నే సూత్తంది."

చూశాను. నేను వేసిన జడలే. నేను కుట్టిన పరికిణీయే. నేను ఎన్నడూ వినని మాట. అన్నం తిన్నావా అని దానికి ఎవరు చెప్పారు అడగమని?

తమ్ముడూ, నేను ఒప్పుకున్నది పాత సినిమాని మళ్ళీ హాళ్ళలో వెయ్యడానికి. మళ్ళీ తెర మీదికి అన్నావు, నేను అదే అనుకున్నాను. పోయిన పిల్ల నోట్లో నీ మాటలు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. నాకు అర్థమయ్యేటట్టు నువ్వు అడగలేదు, అడిగినట్టు నువ్వనుకున్నావు. తప్పు ఎవరిదైనా కానీ, ఇక్కడితో ఆపు.

మీ బావ సంగతి కూడా దాచను. ఆ పూట ఆయన కంచం ఖాళీ చేశారు. మర్నాడు గడ్డం గీసుకున్నారు. నాకు సంతోషమనిపించాలి. భయమేసింది.

ఆపుతావని నమ్ముతూ,
అక్క


హైదరాబాద్,
1 అక్టోబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎన్ని రోజులు జవాబు రాయలేకపోయానో. నువ్వలా అర్థం చేసుకుంటావని కలలో కూడా అనుకోలేదు. "నీ ఇష్టం" అంటే సరేననే కదా ఎవరైనా అనుకునేది.

పని చాలా దూరం వచ్చేసింది. సంతకాలయ్యాయి, జనం పనిచేస్తున్నారు. అది పక్కన పెట్టు. బావ నాకు ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చెయ్యడం, అదీ ఆ గొంతుతో, రెండేళ్ళలో మొదటిసారి. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను.

"బావా, ఇంకోటి పంపు. మీ అక్కకి సెప్పకు, అది ఏడుత్తది. పాప సేత ఏదైనా అనిపించు. బడికెల్తన్నాను నాన్నా అనిపించు. నాను మళ్ళీ అన్నం తింతన్నాను బావా."

నువ్వు వద్దన్నావు. ఆయన కావాలన్నాడు. నేనెవరి మాట వినాలి? పంపాను. ఒకటి కాదు, చాలా పంపాను. అక్కడ ఒక మనిషి బతుకుతున్నాడని పంపాను.

ఇంకొకటి, ఇన్నేళ్ళూ అనలేదు, ఇప్పుడంటాను. నీలిమకి నటన ప్రాణం. "ఉక్కు చంద్రుడు"లో దానికోసమే వేషం రాసుకుని కారు వేసుకుని వస్తే, చదువు పాడవుతుందని మీరు పంపలేదు. నేను ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయాను. ఆ రోజు దాన్ని నాతో పంపి ఉంటే ఆ పిల్ల బతుకు వేరుగా ఉండేది. ఆ స్కూటరు, ఆ ఆఫీసు, ఆ వాన ఉండేవి కావు. నీకు కష్టం కలిగించాలని కాదు. నాకూ అది పిల్లే అని చెప్పడానికి.

శంకరం


గోపాలపట్నం,
20 అక్టోబర్ 2024

శంకరానికి,

నువ్వు రాసిన చివరి పేరా చదివాక రెండు వారాలు నీకు ఏమీ రాయకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు దాన్నే నమ్ముకుని సినిమా తీస్తావు. అందుకని రాస్తున్నాను.

నువ్వు కారు వేసుకుని వచ్చిన రోజు నీలిమకి పదకొండేళ్ళు. ఆ కారు వీధి మలుపు తిరగ్గానే అది బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. నువ్వు హాల్లో కూర్చుని కథ చెబుతున్నంతసేపూ అందులోనే ఉంది. నేను తలుపు దగ్గరికి వెళ్తే లోపల్నుంచి మెల్లిగా అంది: "నాను రాను అమ్మా. నాకు బయిం. మావయ్యకి అలా సెప్పకు, బాధపడతాడు. సదువని సెప్పు." అందుకని చదువని చెప్పాను. పంపనిది మేం కాదు.

నీ సినిమా ఆడిన ఏడాదంతా దాన్ని చూడ్డానికి జనం బడి గేటు దగ్గర నిలబడేవాళ్ళు. బుగ్గలు పిండేవాళ్ళు. పెద్దయ్యాక ద్వారకా నగర్‌లో కోచింగ్‌కి వెళ్తే మగపిల్లలు వెనకాల నడుస్తూ "చుక్కమ్మా, మాకూ ఓ ముద్ద పెట్టవా" అనేవాళ్ళు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేది. అప్పట్నుంచి ఎవరు కెమెరా ఎత్తినా మొహం తిప్పేసుకునేది. మా ఇంట్లో పెళ్ళి ఫొటోలన్నిట్లో దాని వీపే ఉంటుంది.

నీకు తెలిసిన నీలిమ ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు, నీ సినిమాలో జడలేసుకుని అలాగే ఉంది. నాకు పోయింది ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. అప్పుడే కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి, రంగు వెయ్యమంటే వెయ్యనంది. నిద్రలో గురక పెట్టేది. ఆదివారం చేపల బజారుకి తండ్రిని వెంటేసుకుని వెళ్ళి ముక్కలు సన్నగా కోశారని దెబ్బలాడేది. ఈత నేర్చుకుంటానని ఆ వయసులో చేరి, చెవిలో నీళ్ళు పోయాయని వారం రోజులు నన్ను సతాయించింది. రుషికొండలో ఆఫీసు నుంచి రోజూ మధ్యాహ్నం తండ్రికి ఫోన్ చేసి "మాత్ర ఏసుకున్నావా లేదా? లేదా? నీతో ఇంక నాను మాటాడను పో" అని కసిరేది. ఆయన ఆ తిట్టు కోసమే మాత్ర వేసుకోకుండా కూర్చునేవారు. స్కూటరు దాని డబ్బుతో అది కొనుక్కుంది. ఆఫీసంటే దానికి ఇష్టం. ఆ బతుకు అది కోరుకున్నదే. దాన్ని నువ్వు తక్కువ చెయ్యకు.

ఇప్పుడు మీ బావ గది తలుపు వేసుకుని ఆ ఫోన్‌తోనే ఉంటారు. లోపల్నుంచి "వత్తాను నాన్నా", "దా నాన్నా" అని వినిపిస్తుంటుంది, ఆయన జవాబు చెబుతుంటారు. మొన్న గట్టిగా అడిగాను. "నీకిష్టం లేపోతే సూడకు. నాకు పాప దొరికింది. నీకెందుకే అంత కుళ్ళు?" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట నేను పడలేదు.

ఒక మనిషి బతుకుతున్నాడని రాశావు. అదే ఇంట్లో రెండో మనిషి కూడా ఉంది తమ్ముడూ.

ధనలక్ష్మి


హైదరాబాద్,
8 జనవరి 2025

అక్కా,

బాత్‌రూంలో గడియ పెట్టుకున్న పిల్ల నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఇరవై ఏళ్ళ పాటు నేను మీమీద అలిగాను. అది మాత్రం నేను బాధపడతానని భయపడింది.

నీ ఉత్తరం పట్టుకుని ఉదయ్‌కుమార్ దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల బొమ్మ లేకుండా కథ మారుస్తానన్నాను. అతను చాలా మర్యాదగా కాఫీ తెప్పించాడు. "చుక్కమ్మ మా కంపెనీది సార్. ఆ రూపం మీద హక్కులు నాన్నగారు అప్పుడే తీసుకున్నారు. మీ బావగారు సంతకం పెట్టారు కదా. మీరు తియ్యకపోతే ఇంకొకరు తీస్తారు" అన్నాడు. ఇంటికి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ షూటింగ్‌కి వెళ్ళాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వెళ్ళాను. యాభై ఐదేళ్ళు నాకు. ఇది వదిలేస్తే ఇంక నన్ను ఎవరూ పిలవరు. నాకు ఇంకో పని రాదు.

బావ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి వేరే కోరాడు. "పెద్ద పాపని సెయ్యి బావా. ఆపీసుకెళ్ళే పాపని. అది నాతో ఓ మాట మాటాడితే సాలు." అనూరాధని అడిగాను. పెద్దదాని మొహం కానీ గొంతు కానీ దేన్నుంచి నేర్పాలి, ఏమైనా ఉంటే తెమ్మంది. నువ్వే రాశావుగా, అన్నిట్లో వీపే.

కాదని చెప్పలేక ఒక పని చేశాను. నీ ఉత్తరంలోని ఆ మాత్ర మాటని ఈ చిన్నపిల్ల గొంతుతోనే అనిపించి పంపాను. నిన్ననే పంపాను. అది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు.

శంకరం


గోపాలపట్నం,
2 ఫిబ్రవరి 2025

తమ్ముడికి,

నీ ఉత్తరం కంటే ముందు అదే వచ్చింది, ఎప్పటిలాగే.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నారు. కంచం పక్కన ఫోను. మోగింది, ఎడమచేత్తో నొక్కారు. జడలేసుకున్న ఆ పిల్ల నవ్వుతూ తల ఊపుతూ, "మాత్ర ఏసుకున్నావా లేదా? నీతో ఇంక నాను మాటాడను పో" అంది. పద్యం అప్పజెప్పినట్టు అంది.

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. మళ్ళీ నొక్కారు. అది మళ్ళీ అలాగే నవ్వింది.

"ఇదేటిలా అంటంది? పాప ఇలా నవ్వుతా అనదే. దానికి కోపమొత్తాది. నిజంగా కోపమొత్తాది" అన్నారు. మళ్ళీ ఆయనే, "నాను బీపీ మాత్రలు మొదలెట్టినప్పటికి దానికి ఉద్దోగమొచ్చీసింది కదే. ఈ పిల్లకి మాత్రల సంగతేటి తెలుసు?" కాసేపు ఆ బొమ్మనే చూశారు. "ఇది నన్నెరగదే" అన్నారు.

అంతే. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. క్రేన్ మీంచి కిందికి వినపడేలా అరిచిన గొంతు అది, వీధంతా వినిపించింది. పక్కింటి మంగాయమ్మ గారు గోడ మీంచి తొంగిచూశారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకూ ఆగలేదు. "ఎల్పోయిందే, మన పాప ఎల్పోయిందే" అంటారు ఆయన. అవునన్నాను. ఆస్పత్రిలో కూడా మేం ఆ మాట ఒకరితో ఒకరం అనుకోలేదు.

చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి అన్నీ తీసెయ్యమన్నారు. తన చేత కాదన్నారు. ఒక్కొక్కటి తీస్తుంటే ప్రతిదానికీ ఆ ఫోను, "ఖచ్చితంగా తొలగించాలా?" అని అడిగింది. ప్రతిదానికీ అవునని నొక్కాను.

నీ సినిమా గురించి నేనింక ఏమీ అడగను. నువ్వు పెద్దవాడివి.

అక్క


హైదరాబాద్,
19 ఏప్రిల్ 2025

అక్కా,

సినిమా వదిలేశాను. సగంలో. దర్శకుడిగా నా పేరు వెయ్యవద్దని రాసిచ్చాను. మిగతాది చందు తీస్తున్నాడు, నా దగ్గర పదేళ్ళు పనిచేసినవాడు. ఫోన్ చేసి, "తప్పట్లేదు సార్" అని ఏడ్చాడు. బాగా తియ్యమని చెప్పాను. వేరే ఏం చెప్పాలి? ఆపే శక్తి నాకు లేదు. లాయర్ని కలిశాను, అతను కూడా లేదనే అన్నాడు. ఆ బొమ్మ వస్తుంది అక్కా. నేను చేయించిన బొమ్మే.

ఆఫీసు ఖాళీ చేసేశాను. రాకెట్ల నమూనాలు పట్టుకెళ్ళడానికి ఎవరో వచ్చారు, ఇచ్చేశాను. మధ్యాహ్నం పూట ఏం చెయ్యాలో తెలియక వీధిలో నడుస్తున్నాను. గుర్తుపట్టినవాళ్ళు తరవాతి సినిమా ఏంటని అడుగుతారు.

నా సినిమాలన్నిట్లో పోయినవాళ్ళు ఏదో ఒక దారిన వెనక్కి వస్తారు. కాలంలోంచో, ఇంకో గ్రహం మీంచో. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. వచ్చినవాడు ఇంట్లో వాళ్ళని గుర్తుపట్టకపోతే ఏమవుతుందో నేనొక్కసారీ రాయలేదు. బావ అన్న ఆ మాట నేను రాయగలిగింది కాదు.

నేను మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నీలిమ ఆఫీసు ఉందని వెళ్ళిపోయేది. దానికి నా మీద కోపమా? ఉంటే ఉందని రాయి.

శంకరం


గోపాలపట్నం,
21 డిసెంబర్ 2025

తమ్ముడు శంకరానికి అక్క ఆశీస్సులు.

నువ్వడిగినదానికి ఇన్ని నెలలు జవాబు రాయలేదు. ఫోన్‌లో అడుగుతావేమో అప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు "తిన్నాను" దగ్గరే ఆగిపోయావు.

కోపం లేదు. నీ సినిమా వచ్చిందంటే మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళేది, మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని, ఒక్కతే. మాకు చెప్పేది కాదు, టికెట్లు బ్యాగులో దొరికేవి. ఎలా ఉందే అంటే "మావయ్యకి పిచ్చి" అనేది, నవ్వేది. నీ ఎదుట కూర్చుంటే మళ్ళీ నటించమంటావని దాని భయం. అంతే.

ఇవాళ మేం సినిమాకి వెళ్ళాం. నేను చూడలేనని నీకు రాశాను, నిజమే. కానీ రెండు వారాలుగా బస్టాపు దగ్గర దాని బొమ్మ కట్టి ఉంది, మూడంతస్తులంత. కూరలకి వెళ్తే దాని కింద నుంచే వెళ్ళాలి. మీ బావ పొద్దున్న, "అందరూ సూత్తన్నారు. మనం సూడకపోతే ఎలగ? పద" అన్నారు. చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను.

సినిమా బాగుంది శంకరం. ఇది నీకు చెప్పాలి. మొదటి సగం నీదని తెలుస్తూనే ఉంది. రేవులో చీకటి విడుతుంటే ఆ పిల్ల వలల మీద కూర్చుని ఎవరూ లేని సముద్రంతో మాట్లాడే చోట హాలంతా ముక్కులు చీదుకున్నారు. తెర మీద నీ పేరు ఎక్కడా లేదు. నేను చివరిదాకా చూశాను.

మేం ఏడవలేదు. మీ బావ ఆ పిల్లని, బంధువుల ఇంట్లో పిల్లని చూసినట్టు చూశారు. మధ్యలో బయటికి వెళ్ళి నాకు టీ తెచ్చారు.

నా పక్క సీట్లో ఒక చిన్నపిల్ల, వాళ్ళమ్మతో వచ్చింది. ఆరేడేళ్ళుంటాయి. సినిమా అయిపోయి లైట్లు వెయ్యగానే నన్ను గోకి, "మామ్మా, ఆ పాప ఏ ఊర్లో ఉంటాది?" అంది.

కంప్యూటరు బొమ్మ అని చెబుదామనుకున్నాను. నోరు వేరే చెప్పింది. "ఈ ఊరేనమ్మా. ఆ పాప పెద్దదైపోయింది. రుషికొండలో ఉద్యోగం చేసేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు లేదమ్మా."

మీ బావ నా వెనకనుంచి, "మా అమ్మాయే" అన్నారు. గట్టిగా అన్నారు, పాత గొంతుతో. వాళ్ళమ్మ అటు తెర వైపు, ఇటు మా తెల్లజుట్ల వైపు చూసింది. పాపం, ఏం అర్థం చేసుకుందో, "మీ మనవరాలా అండీ?" అంది.

"కాదమ్మా, కూతురు" అన్నాను. "నీలిమ. ఇరవై తొమ్మిదేళ్ళు."

ఆవిడ తెరవైపు మళ్ళీ చూసింది. అక్కడ ఏమీ లేదు, తెల్లగుడ్డ. పిల్ల చెయ్యి పట్టుకుని, మాకు దారి ఇచ్చి, మేం వెళ్ళేదాకా అలా నిలబడిపోయింది.

నువ్వు బయల్దేరి రా. బావ స్టేషన్‌కి వస్తానంటున్నారు.

అక్క